బట్టీ ఆరిన రోజులు

బిగించి వదిలేసిన బోల్టు తనంతట తానే విరుగుతుందా? కిందటి వారం సెవిల్ ఈ ప్రశ్న దగ్గరే నిలబడిపోయింది. తబ్రీజ్ నగరంలోని ఇంజన్ల ఫ్యాక్టరీలో బయటినుంచి వచ్చే విడిభాగాలను పరీక్షించే ల్యాబ్ ఆమెది. ముందురోజు సాయంత్రం ఆమె పరీక్షించిన పది బోల్టులూ నెగ్గాయి. పదో దాన్ని బిగింపులోనే ఉంచి, గదికి తాళం వేసి ఇంటికి వెళ్ళింది. పొద్దున వచ్చి చూస్తే అది రెండు ముక్కలై ఉంది. తాళం వేసింది వేసినట్టే ఉంది.

అప్పటికి కొత్త మినీబస్సుల ఇంజన్లు పద్నాలుగు పగిలాయి. ఒక్కటీ ఏడాది నిండిన బండి కాదు. ప్రతిదానిలోనూ జరిగింది ఒకటే. పిస్టన్ కడ్డీని పట్టి ఉంచే బోల్టు విరిగింది, ఊడిన కడ్డీ ఇంజను గోడను చీల్చుకుని బయటికి వచ్చింది. పద్నాలుగో బస్సును నడిపిన అయ్వజ్‌కి అహర్ కనుమ దిగుతుండగా, సీటు పక్కనే ఉన్న ఇంజను మూత ఎగిరి, మరిగే నూనె రెండు చేతుల మీదా పడింది. ఆ చేతులతోనే స్టీరింగు వదలకుండా పదకొండుమంది ప్రయాణికులున్న బండిని కొండవైపు ఒరిపించి ఆపాడు. ఇప్పుడు తబ్రీజ్ ఆస్పత్రిలో కట్లతో పడి ఉన్నాడు. డ్రైవర్లు చవకరకం ఆయిలు పోయడంవల్లే ఇదంతా అని ఫ్యాక్టరీ డైరెక్టర్ అర్దెషీర్ పత్రికలకు చెప్పాడు. సెవిల్ చూడటానికి వెళ్ళినప్పుడు అయ్వజ్ ఆమెను గౌరవంగా ఖానం అని పిలిచి అడిగింది ఒక్కటే. "నేను పోసింది మీ పుస్తకంలో రాసిన ఆయిలే ఖానం. మరి నా తప్పేంటి?"

ల్యాబ్‌లో విరిగిన ముక్కలను చేతిరుమాలులో కట్టుకుని, పద్నాలుగు ఇంజన్లలోంచి తీసిన బోల్టుల సంచీ కూడా తీసుకుని సెవిల్ కారెక్కింది. దారిపొడుగునా ఒకటే గందరగోళం. బోల్టు చెడ్డదైతే పరీక్షలో ఎందుకు నెగ్గింది? మంచిదైతే ఎందుకు విరిగింది? రెండూ నిజమెలా అవుతాయి? ఒకదాన్ని నమ్ముదామంటే రెండోది అడ్డం వస్తోంది.

ఆ బోల్టులు తయారుచేసేది తర్లాన్. ఊరి చివర పారిశ్రామికవాడలో రేకుల షెడ్డు, ముప్ఫైమంది పనివాళ్ళు. ఆరేళ్ళ క్రితం భర్త నుస్రత్ పోయినప్పుడు అందరూ షెడ్డు అమ్మేయమన్నారు. ఆమె అమ్మలేదు. భర్త కోటు తొడుక్కుని వచ్చి ఆయన కుర్చీలో కూర్చుంది. ఉక్కులో రకాలేమిటో, కొలతలు ఎలా తీయాలో ఆమెకు నేర్పింది సెవిలే. అప్పటినుంచీ ఇద్దరిదీ అక్కాచెల్లెళ్ళ వరస.

"రా పిల్లా, సరిగ్గా టీ టైముకే దిగావు," అంది తర్లాన్, టీ నీళ్ళు కాగే సమోవర్ కుళాయి తిప్పుతూ. "మొహమేంటి అలా ఉంది? అత్తగారు మళ్ళీ పెట్టే బేడా సర్దుకుని వచ్చిందా?"

సెవిల్ కూర్చోలేదు. రుమాలు విప్పి ముక్కలను బల్లమీద పెట్టింది. "ఇది నీ బోల్టు అక్కా."

తర్లాన్ దారానికి వేలాడుతున్న కళ్ళజోడు పెట్టుకుని చూసింది. "విరగ్గొట్టావు. జీతం తీసుకునేది అందుకేగా."

"నేను విరగ్గొట్టలేదు. బిగించి వదిలేశాను. తెల్లారేసరికి అదే విరిగింది."

"అదే విరిగిందా?" తర్లాన్ నవ్వింది. "అయితే దిష్టి తగిలుంటుంది. ఉండు, నిప్పుల మీద ఇస్పంద్ గింజలు వేసి పొగ పెడతాను."

సెవిల్ నవ్వలేదు. అది చూసి తర్లాన్ టీ తాగబోతూ నోట్లో పెట్టుకోబోయిన చక్కెర గడ్డను మళ్ళీ గిన్నెలో పెట్టింది.

"అంటే ఏంటి? ఆ పద్నాలుగు బస్సులూ నావల్లే పగిలాయంటావా?"

"నేనింకా ఏమీ అనలేదు. నాకు అర్థం కాకే వచ్చాను."

"అర్థం కానివాళ్ళు సంచీ పట్టుకుని రారు." తర్లాన్ కుర్చీలోంచి లేచింది. గొంతులో చనువు పోయింది. "పోయిన చలికాలం మీరే వచ్చారు ఇన్‌స్పెక్టర్ గారూ. ఈ కుర్చీలోనే కూర్చుని, మా కోఫ్తా తిని, తబ్రీజ్ మొత్తం మీద నీ బోల్టు లాంటిది లేదక్కా అన్నారు. అప్పుడు మంచిదైన ఇనుము ఇప్పుడు చెడిపోయిందా? మీ డైరెక్టర్ గారికి తప్పంతా నెత్తిన వేయడానికి ఒక ముండమోపి దొరికింది, అంతేగా?"

ఆ మాట సెవిల్‌కి సూటిగా తగిలింది. "అక్కా, ఆయన నీ పేరు ఎత్తలేదు. అయ్వజ్ పేరు ఎత్తాడు. వాడి చేతులు నేను చూసి వచ్చాను. నన్ను తిట్టు, తర్వాత తీరిగ్గా తిట్టు. ముందు ఒక్కసారి బట్టీ కాగితాలు చూపించు."

తర్లాన్ బీరువా తెరిచి, పళ్ళెమంత గుండ్రటి కాగితాల కట్ట తెచ్చి బల్లమీద పడేసింది. బట్టీలో వేడి ఎంత ఉందో ఒక పెన్ను తనంతట తానే గీసే కాగితాలవి. రోజుకొకటి.

"చూసుకోండి. ఒక్క గీత వంకర ఉంటే ఈ షెడ్డు మీ పేర రాసిస్తాను."

సెవిల్ ఒక్కొక్కటే తిరగేసింది. చలికాలానివి, వసంతానివి, ఎండాకాలానివి. నిజంగానే ఒక్క గీతా వంకరగా లేదు. ప్రతి తడవ బోల్టులూ పూర్తిగా ఎనిమిది గంటలు వేడిలో ఉన్నాయి. ఉండాల్సినదానికంటే ఎక్కువే. సగం కట్ట అయ్యేసరికి ఆమెకు తనమీద తనకే అనుమానం వచ్చింది. తాళం వేసిన గదిలో బోల్టు నిజంగా తనంతట తానే విరిగిందా? ఇన్ని రోజులుగా నిద్ర సరిగ్గా లేదు. తనే బిగింపు ఎక్కువ తిప్పేసి మరిచిపోయిందా?

"అయిందా?" అంది తర్లాన్.

"బట్టీకి ముందు యాసిడ్‌లో కడిగిన తేదీలు ఎక్కడ రాస్తారు?"

"కడగడానికి కూడా తేదీలా? పెట్టెకి అంటించే చీటీ మీద ఉంటుంది. నకళ్ళు అదిగో, ఆ మేకుకి గుచ్చి ఉన్నాయి."

సెవిల్ మేకునుంచి చీటీల కట్ట తీసి, గుండ్రటి కాగితాల పక్కన పేర్చడం మొదలుపెట్టింది. ఈ చీటీకి ఈ కాగితం. చలికాలంలో అన్నీ జతపడ్డాయి. పొద్దున కడిగారు, మధ్యాహ్నానికి బట్టీలో పెట్టారు. వసంతంలోనూ అంతే. ఎండాకాలం దగ్గరికి వచ్చేసరికి ఒక చీటీకి జత దొరకలేదు. శనివారం కడిగారు. శనివారం బట్టీ కాగితమే లేదు. ఆదివారం ఉంది.

ఇంకొకటి. సోమవారం కడిగారు. మంగళవారం కాల్చారు.

ఆమె ఆ రెండు చీటీలనూ పక్కకు పెట్టింది. "అక్కా, ఈ రోజుల్లో బట్టీ ఎందుకు వెలిగించలేదు?"

"కరెంటు ఎక్కడుంది వెలిగించడానికి? ఎండాకాలమంతా ఈ వాడకి వారానికి రెండు రోజులు కోతేగా. నీకు తెలీదా? యాసిడ్ తొట్టికి కరెంటు అక్కర్లేదు కాబట్టి పనివాళ్ళని ఖాళీగా కూర్చోబెట్టకుండా కడిగించాం. మర్నాడు బట్టీలో పెట్టాం. ఒక్కటి కూడా కాల్చకుండా పంపలేదు." తర్లాన్ ఆమె మొహం చూసి ఆగింది. "ఏంటి? ఒక్క రోజు. ఒక్క రోజుకే ఏమైపోతుంది?"

సెవిల్ కూర్చుంది.

"యాసిడ్‌లో కడిగినప్పుడు ఉక్కులోకి వాయువు దూరుతుంది అక్కా. కంటికి కనబడదు. నాలుగు గంటల్లోపు బట్టీలో పెడితే ఆ వేడికి బయటికి పోతుంది. లేటయితే లోపలే ఉండి చీలిక మొదలుపెడుతుంది. ఆ తర్వాత నువ్వు ఎనిమిది గంటలు కాల్చు, ఎనభై గంటలు కాల్చు, ఆ చీలిక అతుక్కోదు. గట్టిగా లాగి చూస్తే బోల్టు నెగ్గుతుంది. బిగించి వదిలేస్తే మాత్రం లోపల్లోపలే తెగుతూ వచ్చి ఒకరోజు విరుగుతుంది. నా ల్యాబ్‌లో విరిగింది అలాగే."

తర్లాన్ తలుపు తీసి, యంత్రాల మోత మీదుగా కేకేసింది. "ఉస్తా! ఉస్తా సయ్యాద్! ఒకసారి ఇటు రా."

సయ్యాద్ ఆ షెడ్డుకి పెద్ద మేస్త్రీ. నుస్రత్‌తో కలిసి మొదటి యంత్రం బిగించినవాడు. అరవై దాటాయి. చేతులు గుడ్డతో తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. సెవిల్ ఉన్నదంతా మళ్ళీ చెప్పింది. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఓపిగ్గా విన్నాడు.

"అలాగా," అన్నాడు చివరికి. "మరి మీరే మర్నాడు పెట్టమన్నారుగా ఖానం."

సెవిల్‌కి సరిగ్గా వినబడలేదనిపించింది. "నేనా?"

"మీరే. మొదటిసారి కరెంటు పోయిన రోజు నాకూ మనసొప్పలేదు. కడిగిన సరుకు తడితో అలా పడి ఉంటే ఎలాగా అని. తర్లాన్ ఖానం ఆరోజు ఊళ్ళో లేరు. మీ ల్యాబ్‌కి ఫోన్ చేశాను. బట్టీ వెలగలేదు, రేపు పెడితే ఫర్వాలేదా అని అడిగాను. ఫర్వాలేదు, రేపు పెట్టండి, నిన్ననే చెప్పాను కదా అన్నారు. నిన్న ఎప్పుడు చెప్పారా అనుకున్నాను. కానీ పెద్ద చదువు చదివినవాళ్ళు, మీకు తెలుసుగా అని ఊరుకున్నాను, కోత ఉన్న ప్రతిసారీ అలాగే చేశాం."

"మీ పేరు చెప్పారా ఉస్తా?"

"పేరెందుకు? పదిహేనేళ్ళ బట్టి నా గొంతు మీకు తెలుసు."

తర్లాన్ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. అలాంటి ఫోన్ రాలేదని చెప్పాలనే అనుకుంది సెవిల్. కానీ ఆ మధ్యాహ్నం మెల్లగా కళ్ళకు కట్టింది. ల్యాబ్‌లో సానరాయి తిరుగుతోంది. చెవులు పగిలే మోత. భుజానికీ చెవికీ మధ్య ఫోను. ముందురోజే రబ్బరు రింగులు పంపేవాడు ఇదే మాట అడిగాడు. రబ్బరుకి ఒక రోజు ఆలస్యమైనా నష్టం లేదు. మళ్ళీ వాడే చేశాడనుకుంది. చెప్పింది మళ్ళీ చెప్పించుకుంటాడేమిటని విసుక్కుంటూ, రాయి ఆపకుండానే జవాబిచ్చింది.

ఫర్వాలేదు, రేపు పెట్టండి.

"నేనే అన్నాను," అంది సెవిల్.

సయ్యాద్‌కి తను చెప్పినదాంట్లో ఏదో కాని మాట ఉందని అప్పుడు తెలిసింది. "నేను మళ్ళీ అడగాల్సింది ఖానం," అన్నాడు నేలచూపులు చూస్తూ. "మీ మీద వేయాలని కాదు."

"నాకు తెలుసు ఉస్తా. మీరు అడిగారు. వినాల్సింది నేను."

ఆయన వెళ్ళాక తర్లాన్ రెండు గ్లాసుల్లో టీ పోసింది. ఒకటి సెవిల్ ముందుకు జరిపింది. గొంతులో కోపం లేదు, చనువూ ఇంకా తిరిగి రాలేదు. "ఇప్పుడేం చేస్తావు?"

"బస్సులు ఆపించాలి. ఎండాకాలం నుంచి వచ్చిన బోల్టులు మూడువందల ఇంజన్లలో ఉన్నాయి. ఏది ఎప్పుడు విరుగుతుందో ఎవరూ చెప్పలేరు."

"ఆపమంటే ఎందుకని అడుగుతారు."

"చెబుతాను."

"ఫోన్ సంగతి కూడానా?" తర్లాన్ ముందుకు వంగింది. "ఆలోచించుకో పిల్లా. అది నీకూ ఆ ముసలాయనకీ తప్ప ఎవరికీ తెలీదు. ఆయన గొంతు కోసినా బయటపెట్టడు. కరెంటు పోయింది, లేటయింది అని రాయి. అదీ నిజమే."

సెవిల్ గ్లాసు చేతిలోకి తీసుకుంది. ఒక్క నిమిషం ఆ దారి ఎంత తేలికగా ఉందో స్పష్టంగా కనబడింది. పదిహేనేళ్ళ ఉద్యోగం. పదోక్లాసు చదువుతున్న కూతురు. తర్వాత అయ్వజ్ అడిగిన మాట గుర్తొచ్చింది. తప్పు ఎవరిదో తెలిసి కూడా చెప్పకపోతే వాడి ప్రశ్న వాడి దగ్గరే ఉండిపోతుంది.

"అంత మాత్రమే రాస్తే నీ షెడ్డు ఒక్కటే మునుగుతుంది అక్కా. నేను ఒడ్డున నిలబడి చూడలేను."

అక్కడే, ఆ బల్ల దగ్గరే కూర్చుని రాసింది. పేజీన్నర. బట్టీ సంగతి, వాయువు సంగతి, తన ఫోన్ సంగతి. తర్లాన్ చదివి, కలం అడిగి కింద తన పేరు కూడా రాసింది. సెవిల్ ఫోనుతో ఫొటో తీసి డైరెక్టర్ అర్దెషీర్‌కి పంపింది. ఆయన ఒక్కడికే పంపితే బల్ల సొరుగులో పడుతుందని, మినీబస్సు డ్రైవర్ల సంఘానికి కూడా పంపింది. ఐదు నిమిషాలకే సంఘం పెద్దనుంచి జవాబు వచ్చింది. "చూశాం చెల్లీ. కొత్త బళ్ళన్నీ స్టాండుల్లోనే ఆపమని చెబుతున్నాం."

ఆమె గుండెలమీదినుంచి ఒక బరువు దిగింది. ఇంకో బరువు అలాగే ఉంది. కానీ దేని బరువు ఎంతో ఇప్పుడైనా తెలుస్తోంది. ఆ వారం రోజుల్లో ఏదైనా తెలియడం అదే మొదటిసారి.

"అయ్వజ్ బస్సులో విరిగినది ఏది?" అని అడిగింది తర్లాన్.

"ఎందుకక్కా?"

"చూడాలి. ఒక మనిషి చేతులు కాల్చింది. ఒకసారి చేతిలోకి తీసుకుని చూడాలిగా."

సెవిల్ సంచీలో వెతికి, చీటీ కట్టిన ముక్క తీసి ఇచ్చింది. తర్లాన్ దాన్ని అరచేతిలో పెట్టుకుంది. విరిగిన వైపు చూడలేదు. తిప్పి, తలవైపు చూసింది. కళ్ళజోడు సర్దుకుంది. కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుతురులో మళ్ళీ చూసింది.

"ఇది మాది కాదు," అంది.

"అక్కా, ఇప్పుడే ఉత్తరం మీద..."

"ఉత్తరం మాట తర్వాత. ఇలా రా." ల్యాబ్‌లో విరిగిన బోల్టు తలను బల్లమీదినుంచి తీసి, రెండూ పక్కపక్కన పట్టుకుంది. రెండింటి మీదా ఒకే గుర్తు. నుస్రత్ పేరులోని మొదటి అక్షరం, నూన్. పడవలాంటి గీత, లోపల చుక్క. "ఈ అచ్చు మా ఆయన చేత్తో చెక్కింది. ఆయన చనిపోయిన నెలలోనే నా చెయ్యి జారి కిందపడి, పడవ ఎడమకొస విరిగింది. మళ్ళీ చెక్కించబుద్ధి కాలేదు. ఆరేళ్ళుగా ఈ షెడ్డులోంచి వెళ్ళిన ప్రతి బోల్టు మీదా ఆ కొస ఉండదు. నీ ల్యాబ్‌ది చూడు. కొస లేదు, ఇది మాది. అయ్వజ్‌ది చూడు."

సెవిల్ చూసింది. పడవకి రెండు కొసలూ నిండుగా ఉన్నాయి.

ఆమె సంచీని బల్లమీద గుమ్మరించింది. ఇద్దరూ వంగి, ఒక్కొక్క తలనే వెలుతురుకి తిప్పుతూ వేరుచేశారు. కొస లేనివి ఎడమవైపు. కొస ఉన్నవి కుడివైపు. చివరికి ఎడమవైపు మూడు ఉన్నాయి. కుడివైపు పదకొండు.

"మూడు మావే," అంది తర్లాన్ మెల్లగా. "ఆ మూడింటి పాపం మనదే. మరి ఈ పదకొండు ఎవరివి? ఎవడో మా గుర్తుతో కొత్తగా అచ్చు చెక్కించాడు. ఇన్నాళ్ళూ నీకు కనబడలేదా?"

"నేను విరిగిన చోటే చూశాను," అంది సెవిల్. "తల ఎప్పుడూ చూడలేదు."

ఫోను మోగింది. డైరెక్టర్ అర్దెషీర్. సెవిల్ గొంతు సవరించుకుని ఎత్తింది.

తిట్లకి సిద్ధపడింది. ఆయన గొంతు మెత్తగా ఉంది. "ఉత్తరం చదివాను సెవిల్ ఖానం. తప్పు ఒప్పుకోవడానికి ధైర్యం కావాలి. మిగతాది నేను చూసుకుంటాను, మీరు కంగారు పడకండి. ఇంతకీ ఆ విరిగిన బోల్టులు మీ దగ్గరే ఉన్నాయా? భద్రంగా ఉన్నాయా?"

ఇంజన్లు పగలడం మొదలైనప్పటినుంచీ ఆయన బోల్టుల గురించి ఒక్క మాట అడగలేదు. అడిగిందల్లా ఆయిలు గురించే. సెవిల్ బల్లమీది రెండు కుప్పలనూ చూసింది. ఎందుకు అబద్ధమాడుతోందో ఆమెకే తెలియదు. మాట జారిపోయింది.

"మూడే ఉన్నాయి సార్. మిగతావి ఎక్కడో కలిసిపోయాయి."

ఎంతో మామూలుగా ఆయన అడిగాడు.

"ఏ మూడు?"

బోల్టులన్నీ ఒకటే అనుకునే మనిషి అడిగే ప్రశ్న కాదది; వాటిలో రెండు రకాలున్నాయని ఆయనకు ముందే తెలుసు. సెవిల్ ఫోను గట్టిగా పట్టుకుంది. తర్లాన్ చెయ్యి చాచి, కుడివైపు కుప్పను ఒక్కొక్కటిగా తను తొడుక్కున్న భర్త కోటు జేబులో వేసుకోవడం మొదలుపెట్టింది.